టోఫుకు ఎల్లిగడ్డ కారం: తక్కువ ఖర్చులో వీగన్ తిండి గురించి మావైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పాలు, పెరుగు, గుడ్డు, మాంసం మానేసి వీగన్ అయి నాలుగేండ్లు దాటింది. ఉండేది నల్లగొండలో, పుట్టిల్లు అచ్చంపేట దగ్గర. దావత్‌కు పోయినా, కిరాణంలో నిలబడ్డా, ఆఫీసులో టిఫిన్ డబ్బా విప్పినా ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి చెప్పలేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వంట గురించి అడిగినవాటికి పొడుగు జవాబులు, మిగతావాటికి పొట్టివి. నాకు బాగా తెలిసింది వంటే మరి.

మా ఇంట్ల నీసు ముట్టం. అంటే మేం వీగనేనా?

కాదు. నీసు ముట్టని ఇండ్లలోనూ పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. వీగన్ తిండిలో అవేవీ ఉండవు, తేనె కూడా ఉండదు. ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసి ఇది పనికొస్తుందనుకోకండి. పాలపొడి, నెయ్యి కలిసిన సరుకుకూ పచ్చచుక్కే వేస్తారు. వీగన్ ఆహారానికి వేరే గుర్తు ఉండాలని 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధనలు తెచ్చింది గానీ, మన కిరాణాల్లో ఆ గుర్తు అరుదు. ప్యాకెట్ వెనక చిన్నక్షరాలు చదువుకోవాల్సిందే. బిస్కెట్లు కొనేటప్పుడు మరీ జాగ్రత్త.

పేరు కొత్తదే గానీ తిండి మనకు కొత్త కాదు. జొన్నరొట్టె, పుంటికూర తొక్కు, పచ్చిపులుసు, అలసంద గుడాలు, మక్కగట్క, సకినాలు, వీటిలో పాలచుక్క ఎక్కడుంది? సద్దుల బతుకమ్మ నాడు చేసేవాటిలో పెరుగు సద్ది ఒక్కటి పక్కన పెడితే చింతపండు, నువ్వులు, పల్లీలు, కొబ్బరి సద్దులన్నీ వీగనే. మలీద ముద్దల్లో నెయ్యి వేస్తారు, నేను దంచిన నువ్వులు వేస్తా. వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. పచ్చిపులుసు ఎప్పుడు పుట్టిందో మాత్రం మా అమ్మమ్మకు కూడా తెలియదు.

గిది పైసలున్నోళ్ల తిండి కాదా అక్కా?

సూపర్‌మార్కెట్‌లో బాదం పాల డబ్బా, వీగన్ చీజ్, మాంసంలాగా ఉండే ఫ్రిజ్ సరుకు కొంటే అవును. అవి కొనకండి. నేను మొదటి నెలలో హైదరాబాద్ పోయి అవన్నీ తెచ్చి, నెలాఖరుకు అప్పు చేసిన మనిషిని.

గింజల లెక్క చూడండి. 2025-26 వానకాలం పంటకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సోయాచిక్కుడుకు 5,328 రూపాయలు, పల్లికి 7,263, కందికి 8,000. దుకాణానికి వచ్చేసరికి ధరలు పెరుగుతాయి, అది వేరే మాట. కానీ మూడింటిలో తక్కువ ధర సోయాదే, ఎక్కువ ప్రొటీన్ కూడా సోయాదే. 100 గ్రాముల సోయా గింజల్లో 36 నుంచి 40 గ్రాముల ప్రొటీన్ ఉంటే, పల్లీలలో 25, కందిపప్పులో 22 దాకా ఉంటుంది.

బియ్యం సంగతి సరే. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం పంపిణీతో రేషన్ కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి. మిగిలిన ఖర్చు పప్పులు, నూనె, కూరగాయలది. ఆకుకూరలు అంగడి లేచేవేళకు పోతే కట్టకు కట్ట ఎక్కువేస్తారు. పల్లీలు మాత్రం యాసంగి పంట మార్కెట్‌కు వచ్చినప్పుడు పాలమూరు వైపు చుట్టాలతో తెప్పించుకుంటా. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. పల్లికి పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయిస్తే పూర్తిగా పోదు.

పాలు, గుడ్లు లేకుండా ప్రొటీన్ ఎట్ల సరిపోతది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల మగమనిషికి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాములు అనుకోండి.

మా ఇంట్లో మామూలు రోజు ఇట్లా గడుస్తుంది. పొద్దున తైద అంబలి, దాంతో పిడికెడు వేయించిన పల్లీలు, ఇక్కడ 10 గ్రాములు వస్తుంది. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో పుంటికూర పప్పు, కలిపి 20. సాయంత్రం 50 గ్రాముల అలసందలు గుడాలు చేస్తే 11. రాత్రి రెండు జొన్నరొట్టెలు 10. ఇప్పటికే 51 అయింది, టోఫు (సోయా పాలు విరగ్గొట్టి చేసే పన్నీర్ లాంటిది) ఇంకా పొయ్యి మీదికే రాలేదు. రాత్రి రొట్టెలోకి 100 గ్రాముల టోఫు వేస్తే మరో 10. కాబట్టి టోఫు లేకపోతే బతకలేం అన్నట్టు చెప్పేవాళ్లను నమ్మకండి. అది ఇష్టంగా తినాలి, మందులాగా కాదు.

టోఫు అంటే పన్నీరేనా?

చూడ్డానికి అంతే. పాలు విరగ్గొట్టి చేస్తే పన్నీర్, సోయా గింజల పాలు విరగ్గొట్టి చేస్తే టోఫు. దుకాణాల్లో సోయా పన్నీర్ అని కూడా రాసి ఉంటుంది. పన్నీర్‌లో పాల వెన్న ఉంటుంది కాబట్టి ఉత్తగా తిన్నా రుచే. టోఫుకు ఆ వెన్న లేదు. పన్నీర్ అనుకొని నోట్లో పెట్టుకున్నవాళ్లు మొహం మాడ్చుకునేది ఇందుకే. వంకాయను పచ్చిగా కొరికి రుచి లేదంటే వంకాయ తప్పా?

మావైపు ఎక్కడ దొరుకుతది?

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట లాంటి ఊర్లలో పెద్ద సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో అప్పుడప్పుడు ఉంటుంది. దేవరకొండ, కొల్లాపూర్, కోస్గి వైపు ఉండేవాళ్లు దానికోసం బస్సెక్కకండి, ఇంట్లో చేసుకోండి.

గింజలు కొనేటప్పుడు ఒక్కమాట గట్టిగా చెప్తున్నా. సోయా పంట ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ వైపుది, మన జిల్లాల్లో పెద్దగా వేయరు. అందుకని కిరాణంలో లేకపోతే కొందరు విత్తనాల దుకాణానికి పోతారు. అస్సలు పోవద్దు. విత్తనం గింజలకు మందు పట్టించి ఉంటుంది, రంగు కూడా వేస్తారు. ఎంత కడిగినా అవి తినేవి కావు. కిరాణంలో తినే సోయా గింజలు కావాలని అడిగి తెప్పించుకోండి.

ఇంట్లో ఎట్ల చేయాలి?

పావుకిలో గింజలతో మొదలుపెట్టండి. రాత్రి నానబెడితే పొద్దుటికి రెండింతలవుతాయి. ఎండకాలం ఆరేడు గంటలు చాలు, ఎక్కువైతే నీళ్లు పులుస్తాయి. నానినవాటిని కడిగి, లీటరున్నర నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మిక్సీలో మెత్తగా రుబ్బాలి. ఇక్కడ మరిగే నీళ్లు వాడితే మేలు. సోయాకు ఉండే పచ్చి చిక్కుడు వాసన గింజలోని ఒక ఎంజైమ్ వల్ల వస్తుంది, గింజ నలిగినప్పుడు అది పనిచేయడం మొదలుపెడుతుంది. వేడినీళ్లు దాన్ని అక్కడే ఆపేస్తాయి. మిక్సీ జార్ మూత మాత్రం బట్టతో అదిమి పట్టుకోండి, ఆవిరికి ఎగురుతుంది.

రుబ్బింది పలుచని నూలుబట్టలో వేసి గట్టిగా పిండాలి. కిందికి వచ్చినవి సోయా పాలు, బట్టలో మిగిలింది పిప్పి. పాలను అడుగు మందమున్న పెద్ద గంజులో కాచాలి. సగానికే పోయండి, ఎందుకంటే ఇది ఆవుపాల కంటే మొండిగా పొంగుతుంది. మొదటిసారి నా పొయ్యంతా సోయా పాలే, రెండు రోజులు ఆ వాసన పోలేదు. పొంగు వచ్చాక మంట తగ్గించి 10 నిమిషాలు కలుపుతూ మరిగించాలి. ఈ మరిగించుడు రుచికోసం ఒక్కటే కాదు. పచ్చి సోయాలో ప్రొటీన్‌ను అరగనీయని పదార్థాలుంటాయి, సరిగ్గా ఉడికితేనే అవి పోతాయి.

దించి నాలుగైదు నిమిషాలు ఆగండి. వేలు ముంచితే కాలుతుంది గానీ బుడగలు లేవు, ఆ వేడి కావాలి. రెండు మూడు నిమ్మకాయల రసం ఒక గ్లాసు నీళ్లలో కలిపి మూడు దఫాలుగా పోయాలి. పోసి ఒకసారి మెల్లగా తిప్పి వదిలేయండి, గరిటె ఆడిస్తూ ఉంటే గడ్డ చిన్నచిన్న పలుకులవుతుంది. పావుగంటలో తెల్ల గడ్డ పైకి, పసుపుపచ్చని తేట నీళ్లు కిందికి వస్తాయి. నీళ్లు ఇంకా పాలలాగే ఉంటే మరికొంచెం నిమ్మరసం పోయండి. నకిరేకల్ వైపు తోటల నిమ్మకాయలు చవగ్గా దొరికే రోజుల్లో నేను వారానికి రెండుసార్లు చేస్తా.

రంధ్రాల గిన్నెలో బట్ట పరిచి గడ్డ వేసి, మడిచి, పైన బరువు పెట్టాలి. మా ఇంట్లో బరువంటే రోలు మీది పొత్రం. 40 నిమిషాలకు గట్టి టోఫు వస్తుంది. పావుకిలో గింజలకు దాదాపు 350 గ్రాములు చేతికొస్తుంది, బరువు ఎంతసేపు పెట్టారన్న దాన్నిబట్టి ఇటూ అటూ. చైనా, జపాన్‌లలో నిమ్మ బదులు నిగారి (సముద్రపు నీళ్ల నుంచి తీసే ఉప్పులాంటిది), జిప్సం వాడతారు. వాటితో నున్నగా వస్తుంది. తినే రకం జిప్సం దొరికితే వాడండి, కాల్షియం కూడా కలుస్తుంది. గోడల పని చేసేవాళ్ల దగ్గర దొరికేది కాదు సుమా.

పటిక వేసి విరగ్గొట్టొచ్చా? నీళ్లలో వేస్తం కదా?

వద్దు. ఈ ప్రశ్న నల్లగొండలోనే ఎందుకు వస్తుందో నాకు తెలుసు. పటిక, సున్నం వేసి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే, నల్లగొండ పద్ధతి. అక్కడ పటిక పట్టుకున్న మురికి అడుగుకు చేరుతుంది, మనం పైనీళ్లు తాగుతాం. టోఫులో విరిగి గడ్డకట్టినదాన్నే తింటాం. అల్యూమినియం అంతా అందులోనే ఉంటుంది. నిమ్మ, వెనిగర్, చింతపండు పులుసు, ఏదైనా పరవాలేదు. చింతపండుతో రంగు కొంచెం మారుతుంది, అంతే.

పిప్పి పారేయాలా?

పారేస్తే పైసలు పారేసినట్టే. అది ఇంకా పచ్చిదే కాబట్టి బాగా ఉడకాలి. జొన్నపిండిలో మూడో వంతు కలిపి రొట్టె చేస్తే రొట్టె మెత్తగా ఉంటుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కోతిమీర, బియ్యప్పిండి కలిపి సర్వపిండిలాగా గిన్నెకు అద్ది కాల్చినా మంచిదే. విరిగిన తేట నీళ్లు పులుసులోకి పోయండి.

ఎట్ల వండినా చప్పగనే ఉంటది. ఏం తప్పు చేస్తున్నం?

అందరూ చేసే తప్పే. ముక్కలు కోసి తిన్నగా కూరలో వేస్తారు. నేను కూడా అట్లే చేసి పెడితే మా చిన్నమ్మ ఒక ముక్క నమిలి, "తడిబట్ట తిన్నట్టున్నది బిడ్డా" అన్నది. ఆమె అన్నది నిజం. టోఫు నిండా నీళ్లు. లోపల నీళ్లుంటే ఉప్పు, పులుపు ఎక్కడికి పోవాలి?

అందుకని ముందు నీళ్లు తీయండి. బరువు పెట్టడం ఒక దారి. దానికంటే నాకు నచ్చింది ఉప్పునీళ్ల దారి. ముక్కలు కోసి, పులుసుకు వేసినంత ఉప్పు వేసిన మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, తీసి బట్ట మీద ఆరబెట్టండి. నీళ్లలో ఉడికితే నీళ్లు పోవడమేంటని అడుగుతారు. వేడికి ముక్క బిగుసుకొని నీళ్లు వదులుతుంది, ఉప్పు లోపలికి పోతుంది. పైన తొందరగా ఆరుతుంది కాబట్టి నూనెలో చిటపటలాడదు. ఫ్రిజ్ ఉంటే ఇంకో ఉపాయం: డీప్ ఫ్రిజ్‌లో ఒక రాత్రి గడ్డకట్టించి, కరిగాక రెండు అరచేతుల మధ్య పిండండి. లోపల మంచు చేసిన రంధ్రాలు మిగిలి స్పాంజిలాగా అవుతుంది, పులుసు పీల్చుకుంటుంది. కూరలకు అదే సరి.

రెండో తప్పు, ముక్కలకు నూనె, కారం రాసి గంటలకొద్దీ నానబెట్టడం. తడి ముక్కలోకి నూనె పోదు. రాస్తే ఉప్పు, చింతపండు గుజ్జు, పసుపు రాయండి. కారాలు, పొడులు వేగిన తర్వాత వేయాలి, ముందే వేస్తే టోఫు ఎర్రబడేలోగా కారం మాడుతుంది.

మూడోది పెంక. నాన్‌స్టిక్ లేకపోయినా పరవాలేదు, రొట్టెలు కాల్చే ఇనుప పెంక చాలు. బాగా కాలనిచ్చి, నూనె వేసి, బియ్యప్పిండి చల్లిన ముక్కలు పరిచి వదిలేయండి. కదపొద్దు. కింద ఎర్రని పొర కడితే ముక్క దానంతట అదే పెంకను వదులుతుంది, అంతదాకా గీకితే విరిగి ముద్దవుతుంది. కత్తితో చదరంగా కోసేకంటే చేత్తో తుంచితే అంచులు గరుగ్గా ఉండి మసాలా బాగా పడుతుంది.

ఇక కారం. నాలుగు ఎండుమిరపకాయలు, ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, రెండు చెంచాల వేయించిన పల్లీలు, చెంచా నువ్వులు, కొంచెం జీలకర్ర, ఉప్పు, చింతపండు రెబ్బ. రోట్లో బరకగా దంచాలి. వేగిన ముక్కల మీద ఈ కారం, కరివేపాకు వేసి ఒక్క నిమిషం తిప్పి దించండి. వేడి జొన్నరొట్టెలో పెట్టుకొని తింటే చిన్నమ్మ కూడా బట్ట మాట ఎత్తలేదు. ఉప్పు తక్కువైందన్నది, అది వేరే.

మనవైపు కూరల్లో దేంట్ల బాగుంటది?

బగారా వంకాయకు చేసే గ్రేవీలో. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు, అన్నీ నూనె ఉన్నవి, పుల్లనివి. టోఫుకు లేనివన్నీ అందులో ఉన్నాయి. వంకాయ బదులు గడ్డకట్టించి పిండిన టోఫు వేసి 15 నిమిషాలు సన్నటి మంట మీద ఉంచండి. పుంటికూరలో కూడా బాగుంటుంది, చింతచిగురు దొరికే రోజుల్లో అందులో ఇంకా బాగుంటుంది. చేత్తో పొడి చేసి ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పసుపుతో వేయించి దించేముందు నల్లుప్పు చల్లితే గుడ్డు పొరుటు వాసనే వస్తుంది. పప్పులో మాత్రం వేయకండి. మెత్తటిదాంట్లో మెత్తటిది, నోటికి ఏమీ తెలియదు.

సోయా గింజలే దొరకకపోతే?

శెనగపిండితో చేసుకోండి. మయన్మార్‌లో షాన్ ప్రజలు చేసే టోఫు ఇదే, విరగ్గొట్టే పనే లేదు. కప్పు శెనగపిండిని ఉప్పు, పసుపు వేసి కప్పు నీళ్లలో ఉండల్లేకుండా కలపాలి. రెండు కప్పుల నీళ్లు మరిగించి అందులో పోసి, చేయి ఆపకుండా 10 నిమిషాలు తిప్పితే గట్కలాగా దగ్గరికొస్తుంది. నూనె రాసిన తాంబాళంలో పోసి రెండు గంటలు చల్లారబెట్టి ముక్కలు కోయడమే.

మీల్ మేకర్ ఇంకా సులువు. నూనె తీసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. ఉడికించి, రెండుసార్లు చల్లనీళ్లు మార్చి గట్టిగా పిండితే వాసన పోతుంది.

సల్ల లేకుండ అన్నం ఎట్ల దిగుతది?

నాకు కష్టమైంది ఇదొక్కటే. మాంసం మానడం వారం పని, పెరుగు మానడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు పల్లీ పెరుగు వేస్తున్నా. కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో రుబ్బి వడకట్టి, 10 నిమిషాలు కాచాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు కడిగిన నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెడితే, వాటి మీదుండే సూక్ష్మజీవులు తోడేస్తాయి. ఎండకాలం ఏడెనిమిది గంటలు, చలికాలం ఇంకా ఎక్కువ. మొదటిది పలుచగా వస్తుంది, అందులోంచి చెంచా తీసి తోడేస్తే రెండోది గట్టిపడుతుంది. పల్లి వాసన కొంచెం ఉంటుంది. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి సల్ల చేస్తే గుర్తుపట్టరు.

చాయ్ సంగతి కూడా అడుగుతారు. పల్లి పాలతో చాయ్ నాకు నచ్చలేదు, సోయా పాలతో కొంత నయం. డికాషన్‌లో నిమ్మకాయ పిండుకుంటే ఖర్చే లేదు. కానీ తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, అసలే మనది ఫ్లోరైడ్ జిల్లా. రోజుకు ఐదారు గ్లాసుల చిక్కటి డికాషన్ వద్దు.

బొక్కల్ల బలం ఎట్ల? డాక్టర్‌కు చూపించాల్నా?

కాల్షియం కోసం తైదలు (100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు), పొట్టు తీయని నువ్వులు, తోటకూర రోజూ ఏదో ఒక రూపంలో తినండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊర్లలో కాల్షియం తక్కువైతే ఎముకలకు దెబ్బ ఎక్కువ, కాబట్టి తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

బి12 విటమిన్ మాత్రం ఏ ఆకులోనూ, ఏ గింజలోనూ లేదు. మాత్ర వేసుకోవాల్సిందే, దీనికి బేరం లేదు. ధర పెద్దగా ఉండదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటలు ఎడం పెట్టండి, సోయా ఆ మందును ఒంటికి పట్టనీయదు. సోయా తింటే మగవాళ్లకు హార్మోన్లు తగ్గుతాయన్నది నిజం కాదు, పరీక్షలు చేసి చూశారు, తగ్గలేదు. గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు నా మాట కాదు, డాక్టర్ మాట వినండి.

దావత్‌లో, హోటల్‌లో ఏం తినాలె?

ఇడ్లీ, పల్లి చట్నీ, మిరపకాయ బజ్జీ, పూరీ ఆలుగడ్డ. దోసె చెప్పేటప్పుడే నెయ్యి వద్దనండి. మైసూర్ బోండా పిండిలో పెరుగు కలుపుతారు, అది వదిలేయండి. పెండ్లిండ్లలో తొక్కులు, పులుసు, అన్నం ఎట్లాగూ ఉంటాయి. బగారన్నంలో నెయ్యి పోశారా, నూనె పోశారా అని వంటమనిషిని అడగాలి. వడ్డించేవాళ్లకు తెలియదు.

టోఫు ఎన్ని రోజులు ఆగుతది? మా ఇంట్ల ఫ్రిజ్ లేదు.

ఫ్రిజ్‌లో నీళ్లలో ముంచి పెట్టి, రోజూ నీళ్లు మారిస్తే మూడు నాలుగు రోజులు. ఫ్రిజ్ లేకపోతే చేసిన రోజే తినేయండి, ఎండకాలంలో అయితే చేసిన పూటే. ముక్క పట్టుకుంటే జిగటగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా పారేయాలి. ఫ్రిజ్ లేనివాళ్లు పావుకిలోకు బదులు 100 గ్రాముల గింజలే నానబెట్టుకోండి, ఇద్దరికి ఒక పూటకు సరిపోతుంది. ఎండు గింజలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే నెలల తరబడి ఉంటాయి.